గాలిలోని తేమ – దానిని తీయు యంత్రములు

మంచునీరు పోసిన ఇత్తడి చెంబు వెలుపలి భాగమున నీటి బిందువులు పేరుకొనుట అందరు ఎరిగినదే. ఆ నీరు చెంబులోనుండి కారినది కాదు. చుట్టునున్న గాలిలో ఆవిరిగా దాగియున్నదే చల్లని లోహము తగిలి నీరైనది. గాలిలోని తేమను తీయు పెద్ద యంత్రములకు ఈ చెంబే మూలసూత్రము.

నెల్లూరు జిల్లాలోని తోటపల్లి గూడూరు మండలము సముద్రతీరమున గలదు. కోడూరు వైపునుండి వీచు గాలి ఉప్పును, తేమను మోసికొని వచ్చును. ఇచ్చట రొయ్యల చెరువులు విస్తారము. రొయ్యలను శుభ్రపరచి, గడ్డకట్టించి ఎగుమతి చేయు పరిశ్రమ వాటి వెంట వచ్చినది. అట్టి శాలలలో గాలి చల్లగాను పొడిగాను లేనిచో పైకప్పునుండి నీటి చుక్కలు సరుకుపై రాలును. గోడలకు బూజు పట్టును.

ఈ నీరు ఎంత? 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నూటికి 80 వంతుల తేమగల గాలిలో, ఘనమీటరునకు సుమారు 24 గ్రాముల నీరుండును. దానిని 15 డిగ్రీలకు చల్లార్చినచో 13 గ్రాములు మాత్రమే నిలుచును. తక్కిన 11 గ్రాములు నీరై జారును. గంటకు వేయి ఘనమీటర్ల గాలిని నడపు యంత్రము పదకొండు లీటర్ల నీటిని పిండునన్నమాట! 1902లో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయము కొరకు ఇట్టి యంత్రమును రూపొందించెను. తేమకు కాగితము సాగుటచే రంగులు సరిగా పడకుండుటయే అందులకు కారణము.

యంత్రములో ఫ్యాను గాలిని లాగును. ఫిల్టరు దుమ్మును ఆపును. చల్లని కాయిల్ తేమను నీరుగా మార్చును. క్రింది పళ్ళెము ఆ నీటిని గొట్టము ద్వారా బయటకు పంపును. ఆ గొట్టము పూడినచో నీరు పొంగి విద్యుత్తు తీగలను తాకును. తడినేలపై నిలిచినవానికి షాకు ప్రాణాంతకము. కనుక పళ్ళెమును తరచు కడుగవలెను. ఎర్తు తీగను పరీక్షించుచుండవలెను.

శుభ్రపరచుటకు ముందు స్విచ్చి ఆపుట మాత్రమే చాలదు. వేడి పెరిగినంతనే తనంతట తాను తిరుగు ఫ్యానులు గలవు. తెలియక వేరొకరు స్విచ్చి వేయవచ్చును. మెయిన్ స్విచ్చికి తాళమువేసి, తాళపుచెవిని పనివాడు తనవద్దనే ఉంచుకొనవలెను. ఫ్యాను పూర్తిగా నిలిచిన పిమ్మటనే మూత తీయవలెను.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము అమ్మోనియా. పెద్ద శీతల కర్మాగారములలో చలిని పుట్టించునది తరచు ఇదియే. ఉప్పుగాలికి ఉక్కు గొట్టములు తుప్పుపట్టి పలుచబడును, ఒకనాడు చిల్లిపడును. అమ్మోనియా గాలికంటె తేలిక గనుక పైకి పోవునని కొందరు తలతురు. అది పొరపాటు. అతి చల్లని ద్రవము చిమ్మినపుడు తేమగాలితో కలిసి తెల్లని మంచువలె నేలనంటి ప్రాకును. తీరప్రాంతపు తేమ దీనికి తోడ్పడును. పది లక్షల పాళ్ళ గాలిలో 300 పాళ్ళున్నను ప్రాణాపాయమే.

శాలలో గాలిని త్రిప్పు యంత్రము అపుడు ఆ విషవాయువును గదిగదికి చేరవేయును. కనుక దానిని ఆపు స్విచ్చి తలుపు వెలుపల ఉండవలెను. ఘాటైన వాసన తగిలినంతనే తడిగుడ్డతో ముక్కును, నోటిని కప్పుకొని, గాలి వీచు దిశకు అడ్డముగా నడచి, పిదప దాని కెదురుగా దూరము పోవలెను. అమ్మోనియా నీటిలో సులభముగా కరగును. కావున కండ్లను పదునైదు నిమిషములు నీటితో కడుగవలెను. అయితే నేలపై నిలిచిన ద్రవముపై నీరు పోయరాదు. అది మరింత ఆవిరియగును. శీతల గదుల తలుపులు లోపలినుండి కూడ తెరచుకొనవలెను.

ఈ సంగతులు యంత్రమును నడపువానికి మాత్రమే తెలిసిన చాలదు. ఆ గాలినే పీల్చుచు రొయ్యలు వలుచు స్త్రీలకు కూడ తలుపు ఎక్కడున్నదో, గాలి ఎటు వీచుచున్నదో తెలిసియుండవలెను.