దీవిలో కోడ్ గోదాము

మనామాలోని బహ్రెయిన్ జాతీయ మ్యూజియంలో రూపాయి బిళ్లంత గుండ్రటి ముద్రలు ఉన్నాయి. మెత్తటి బలపపు రాతిలో చెక్కినవి. వీపు వైపు కాస్త ఉబ్బుగా ఉంటుంది. దాని మీద మూడు గీతలు, వాటికి అటూ ఇటూ రెండేసి చొప్పున నాలుగు సున్నాలు, ఒక్కో సున్నా నడుమ ఒక చుక్క. మెళ్లో కట్టుకోవడానికి వీలుగా అడ్డంగా ఒక రంధ్రం. ముఖం వైపు జింకలు, ఎద్దులు, మనుషులు.

నాలుగు వేల ఏళ్ల కిందట ఈ దీవిని దిల్మున్ అనేవారు. ఒమన్ వైపు నుంచి రాగి, సింధు లోయ నుంచి రకరకాల సరుకులు ఇక్కడి రేవులో దిగి, మళ్లీ ఓడెక్కి మెసపొటేమియాకు పోయేవి. మూట కట్టాక ముడి మీద తడి మట్టి ముద్ద పెట్టి, వర్తకుడు దాని మీద తన ముద్ర ఒత్తేవాడు. అవతలి ఒడ్డున మట్టి బిళ్ల చెక్కుచెదరకుండా కనిపిస్తే లోపలి సరుకును ఎవరూ ముట్టలేదని అర్థం.

2019లో ఇదే దీవిలో మరో రకం గోదాము తెరుచుకుంది. అందులో దాచే సరుకుల్లో ప్రోగ్రామర్లు రాసే కోడ్ ఒకటి. ఆ సరుకుకూ ముద్ర ఉంటుంది.

ముందు ఆ ముద్ర సంగతి చూద్దాం. లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు కొన్నేళ్లపాటు తమ కోడ్ మార్పులను బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌తో నడుపుకున్నారు. 2005లో దాన్ని ఉచితంగా వాడుకునే అవకాశం పోయింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే కూర్చుని, కోడ్ మార్పులను దాచే గిట్ అనే సాధనాన్ని రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే గిట్ తన సొంత కోడ్‌ను తానే దాచుకునే స్థితికి వచ్చింది.

గిట్‌లో దాచిన ప్రతి ఫైలుకూ, ప్రతి మార్పుకూ 40 అక్షరాల గుర్తు ఒకటి పుడుతుంది. ఆ గుర్తును ఎవరూ ఇవ్వరు, లోపలి విషయాన్ని లెక్కగట్టి గిట్టే తీస్తుంది. ఏమీ రాయని ఖాళీ ఫైలును మనామాలో దాచినా మంగళగిరిలో దాచినా దాని గుర్తు ‘ఇ69డిఇ29’ అనే మొదలవుతుంది. అందులో ఒక్క చుక్క పెట్టి చూడండి, గుర్తు మొత్తం మారిపోతుంది. పైగా ప్రతి మార్పూ తన ముందటి మార్పు గుర్తును లోపల ఇముడ్చుకుంటుంది. మూడేళ్ల కిందటి వరుసలో ఎవరైనా దొంగచాటుగా ఒక అంకె దిద్దితే అక్కడి నుంచి ఇవాళ్టి వరకూ ఉన్న గుర్తులన్నీ మారిపోయి ఆ పని బయటపడుతుంది. దిల్మున్ వర్తకుడి మట్టి బిళ్ల చేసిన పనే ఇది.

గిట్‌లో రెండో గుణం ఇంకా గొప్పది. ఒక రిపోను, అంటే ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే పెట్టెను, క్లోన్ చేసుకున్న (నకలు తీసుకున్న) ప్రతివారి దగ్గరా, ఇవాళ్టి కోడ్‌తోపాటు మొదటిరోజు నుంచి ఉన్న చరిత్ర అంతా చేరుతుంది. అసలుకూ నకలుకూ తేడా ఉండదు.

అలాంటప్పుడు గోదాములు ఎందుకు పుట్టాయి? పదిమంది కలిసి పనిచేయాలంటే అందరికీ తెలిసిన చిరునామా ఒకటి కావాలి. గిట్ కన్నా ముందే ఆ అవసరం మొదలైంది. 1999లో సోర్స్‌ఫోర్జ్ వచ్చింది. 2006లో గూగుల్ కోడ్, మైక్రోసాఫ్ట్ వారి కోడ్‌ప్లెక్స్ వచ్చాయి. 2008లో గిట్‌హబ్, బిట్‌బకెట్, నార్వే నుంచి గిటోరియస్ పుట్టాయి. 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొనే నాటికి, చాలామంది నోట కోడ్ దాచుకోవడం అంటే గిట్‌హబ్ అనే మాటే వచ్చేది.

మిగతావి ఏమయ్యాయో చూస్తే గుండె కలుక్కుమంటుంది. గిటోరియస్‌ను 2015లో గిట్‌ల్యాబ్ అనే మరో గోదాము కొని మూసేసింది. గూగుల్ కోడ్ 2016 జనవరిలో, కోడ్‌ప్లెక్స్ 2017 చివర్లో మూతపడ్డాయి. బిట్‌బకెట్ 2020లో గిట్ కాకుండా మెర్క్యూరియల్ అనే మరో పద్ధతిలో దాచిన రిపోలను తొలగించింది. అన్నిటికన్నా దారుణం కోడ్ స్పేసెస్ అనే సంస్థ కథ. 2014 జూన్‌లో ఒక దుండగుడు దాని క్లౌడ్ ఖాతాలోకి చొరబడి డబ్బు అడిగాడు. తనను బయటకు నెట్టే ప్రయత్నం జరుగుతోందని తెలిసి, డేటానూ బ్యాకప్‌లనూ చేతికందినంత చెరిపేశాడు. ఆ బ్యాకప్‌లు కూడా అదే ఖాతాలో ఉన్నాయి. సంస్థ అంతటితో ముగిసిపోయింది.

ఇక మన దీవికి వద్దాం. 2017లో బహ్రెయిన్ ప్రభుత్వం తన కార్యాలయాల కంప్యూటర్ పనుల్లో క్లౌడ్‌కే మొదటి చోటు ఇవ్వాలని విధానం పెట్టుకుంది. 2018లో ఒక అరుదైన చట్టం తెచ్చింది. ప్రభుత్వం గుర్తించిన విదేశాలవారు బహ్రెయిన్ డేటా సెంటర్‌లో సమాచారం దాచుకుంటే, దానికి వాళ్ల సొంత దేశపు చట్టమే వర్తిస్తుంది. రాయబార కార్యాలయం పరాయి నేల మీద ఉన్నా తన దేశపు నీడలోనే ఉంటుంది కదా, అలాంటి నీడ డేటాకూ కల్పించాలన్నది ఆలోచన. వాళ్లు దీన్ని డేటా ఎంబసీ అంటారు. పరాయి సరుకును భద్రంగా ఉంచి బతికిన రేవుకు ఈ ఆలోచన రావడం నాకు ఎంతో సహజంగా కనిపిస్తుంది.

2019 జులై చివర్లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ మధ్యప్రాచ్యంలో తన మొదటి క్లౌడ్ రీజియన్‌ను బహ్రెయిన్‌లో తెరిచింది. ఒకదానికి ఆపద వచ్చినా మిగతావి నడిచేలా మూడు వేర్వేరు జోన్‌లుగా కట్టారు. ఆ తర్వాత ఆ రీజియన్‌లోకి వచ్చిన సేవల్లో కోడ్‌కమిట్ ఒకటి. 2015లో పుట్టిన గిట్ గోదాము ఇది. బయటివాళ్లకు దీని పేరు పెద్దగా తెలియదు. తెలిసే వీలూ తక్కువే, ఎందుకంటే ఇందులో అందరికీ కనిపించే రిపోలు ఉండవు. అనుమతి ఉన్న ఉద్యోగి మాత్రమే లోపలికి రాగలడు. సరుకంతా ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసి ఉంటుంది. ఒక్కో ఖాతాలో మొదటి ఐదుగురికి ఉచితం, ఆపైన మనిషికి నెలకు ఒక డాలర్. రిపో చిరునామాలోనే ‘ఎమ్ఈ-సౌత్-1’ అని ఉంటుంది. బహ్రెయిన్ రీజియన్‌కు అమెజాన్ పెట్టుకున్న పేరు అది. రోజూ పుష్ కొట్టే (తన మార్పులను గోదాముకు పంపే) ప్రోగ్రామర్‌కు తన కోడ్ ఏ నేల మీద ఉందో ఆ చిరునామాలోనే తెలిసిపోతుంది.

నేల ఎందుకంత ముఖ్యమో, రీజియన్ తెరిచిన ఆ 2019 జులైలోనే తెలిసొచ్చింది. గల్ఫ్‌కు అవతలి ఒడ్డున ఇరాన్‌లోనూ, సిరియా, క్రిమియాల్లోనూ ఉన్న ప్రోగ్రామర్లు తమ ప్రైవేటు రిపోలను తెరవలేకపోయారు. అమెరికా ఆంక్షల వల్ల గిట్‌హబ్ వాటిని ఆపేసింది. ఇరాన్‌వాళ్లకు ఆ తలుపు తిరిగి తెరుచుకునేసరికి 2021 జనవరి వచ్చింది. మనకూ ఒకసారి ఇలా జరిగింది. 2014 డిసెంబరులో భారత ప్రభుత్వ ఆదేశంతో నిలిపేసిన 32 వెబ్‌సైట్లలో సోర్స్‌ఫోర్జ్, గిట్‌హబ్ వారి గిస్ట్ అనే సేవ కూడా ఉన్నాయి. కొద్ది రోజులకే వాటిలో కొన్నిటిని వదిలారు గానీ, ఆ కొద్ది రోజులూ ఎందరి పనో ఆగింది.

కోడ్‌కమిట్‌కూ గండం వచ్చింది. 2024 జులై 25 నుంచి కొత్త ఖాతాదారులను చేర్చుకోవడం ఆపేశారు. ఉన్నవాళ్లు మాత్రం వాడుకోవచ్చన్నారు. ఇలాంటి ప్రకటన తర్వాత ఏమవుతుందో పాత గోదాముల కథలు చదివినవాళ్లకు తెలుసు. చాలామంది మూటలు సర్దుకోవడం మొదలుపెట్టారు. అయితే 2025 నవంబరులో అమెజాన్ మనసు మార్చుకుంది. తమ క్లౌడ్‌తో అంత దగ్గరగా కలిసిపోయిన కోడ్ గోదాము కావాలని ఖాతాదారులు గట్టిగా అడగడంతో, దాన్ని అందరికీ తిరిగి తెరిచింది. పోబోతున్న ప్రాణం నిలబడిన అరుదైన కథల్లో ఇదొకటి.

ఇలాంటి గోదాములు మన దగ్గరా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల కోడ్ కోసం ఓపెన్‌ఫోర్జ్ ఉంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తన సొంత గిట్‌ల్యాబ్ సర్వర్‌ను నడుపుకుంటోంది. ఆ గిట్‌ల్యాబ్‌ను 2011లో మొదలుపెట్టిన ద్మిత్రో జపొరోజెట్స్ ఉక్రెయిన్‌లో కొళాయి లేని ఇంట్లో ఉండేవాడు. రోజూ నీళ్లు మోసుకురావడం కన్నా, తన బృందంతో కలిసి పనిచేయడానికి మంచి సాధనం లేకపోవడమే అతనికి పెద్ద లోటుగా తోచిందట. బెర్లిన్‌లో కోడ్‌బెర్గ్‌ను లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. ఫ్రాన్స్‌లో 2016లో మొదలైన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ లోకంలో దొరికిన బహిరంగ కోడ్‌నంతా సేకరించి దాస్తోంది. మూతపడిన గిటోరియస్, గూగుల్ కోడ్‌ల సరుకు కూడా అక్కడికి చేరింది.

ఇన్ని చోట్లు ఉన్నా, పొద్దున లేచి మనం పుష్ కొట్టేది ఒక్క చోటికే. మనామాలో ఉదయం ఎనిమిదయ్యేసరికి హైదరాబాద్‌లో పదిన్నర. రెండు చోట్లా మన పిల్లలు ఒకే రిపో మీద పనిచేస్తుంటారు. ఆ రిపోకు రెండో చిరునామా ఉందా అని అడిగితే చాలామంది తడుముకుంటారు. గిట్‌లో ఆ పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ‘మిర్రర్’ అని చెప్పి క్లోన్ చేస్తే అన్ని బ్రాంచ్‌లూ, మొత్తం చరిత్రా వస్తాయి. ఇంకో గోదాములో ఖాళీ రిపో తెరిచి అందులోకి మళ్లీ ‘మిర్రర్’ అని పుష్ చేస్తే చాలు.

దీనితో అంతా భద్రమైపోయిందని మాత్రం అనుకోకూడదు. ఈ దోషం ఎందుకొచ్చింది, ఈ మార్పును ఎందుకు ఒప్పుకున్నాం అంటూ సాగిన చర్చలు గిట్‌లో ఉండవు. అవి గోదాము సొంత డేటాబేసులో ఉంటాయి. క్లోన్ చేస్తే కోడ్ వస్తుంది, ఆ మాటలు రావు. గోదాము మూతపడిన రోజున ఎక్కువగా పోయేవి అవే. అందుకే ముఖ్యమైన కారణం ఏదైనా ఉంటే దాన్ని మార్పుతోపాటు గిట్‌లో దాచే కమిట్ సందేశంలోనే వివరంగా రాయాలి. ‘ఫిక్స్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే, పదేళ్ల తర్వాత ఆ వరుస ముందు కూర్చునే కుర్రాడికి ఏం అర్థమవుతుంది?

దిల్మున్ రేవు ఇసుకలో కలిసిపోయి వేల ఏళ్లయింది. ఖలాత్ అల్ బహ్రెయిన్ దిబ్బను 1950లలో డెన్మార్క్ పురావస్తు బృందం తవ్వినప్పుడు దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. దిల్మున్ తరహా ముద్రలు మాత్రం ఈ ఒక్క దిబ్బలోనే దొరకలేదు. కువైట్‌లోని ఫైలకా దీవిలో దొరికాయి, మన గుజరాత్‌లోని లోథల్‌లోనూ ఒకటి దొరికింది. ఒక్క రేవులోనే ఉండిపోకుండా సరుకుతోపాటు నలుమూలలకూ వెళ్లాయి కాబట్టే ఆ వర్తకుల కథను మనం ఇవాళ ఇన్ని చోట్ల నుంచి చదవగలుగుతున్నాం. మన కోడ్‌కూ ఈ సాయంత్రమే ఇంకో రేవు చూపిద్దాం.