ముంజేతి మీది తల్లి పేరు

పచ్చబొట్టును గూర్చియు, చెవి ముక్కు కుట్టించుకొను ఆచారమును గూర్చియు ఆదివారపు సంచికకు ముఖచిత్ర కథనము వ్రాయుమని సంపాదకులు నాలుగు దినముల గడువిచ్చినప్పుడు, మస్కట్ నగరపు రూవీ వీథులలో తిరుగుచు, మత్రా బజారులోని వెండి దుకాణముల ముందు నిలుచుచు నేను కూడబెట్టిన విశేషములన్నియు, చివరి సాయంకాలము ఒక వంటగదిలో, ఇంటిపనికై గోదావరి సీమనుండి వచ్చిన ఒక స్త్రీ నా ముందు విప్పిన పాత పాస్‌పోర్టులోని ఒక్క పంక్తి యెదుట వెలవెలబోయినవి.

ఆ పుస్తకము చేతివ్రాతది. యంత్రము చదువజాలని పాస్‌పోర్టులకు అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ విధించిన గడువు 2015 నవంబరు 24తో తీరిపోవుటచే ఆమెకు క్రొత్తది వచ్చినది. అయినను రద్దుముద్ర పడి తిరిగివచ్చిన పాతదానిని ఆమె పాత చీరముక్కలో చుట్టి, బట్టల పెట్టె అడుగున దాచుకొన్నది. 'కంటికి కానవచ్చు గుర్తు' అను గడిలో ఏ గుమస్తాయో నీలిసిరాతో, వంకర టింకర ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినది ఇంతే: కుడి ముంజేతిపై పచ్చబొట్టు.

ఆ పచ్చబొట్టు ఏమి పలుకుచున్నదో ఆ గడికి అక్కరలేకపోయినది. అది నాలుగు తెలుగు అక్షరములు, వాని క్రింద మూడు చుక్కలు. అది ఆమె తల్లి పేరు. తల్లి గతించిన యేడు, కనుమనాడు, కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు మేనత్త ఆమెను వెంటబెట్టుకొనిపోయి, ఏకాదశ రుద్రుల ప్రభలు చేలకడ్డముగా కదలివచ్చుచుండగా, ఒక ఎరుకల స్త్రీ ముందు కూర్చుండబెట్టి పొడిపించినదట.

"నాకు చదువు రాదు బాబూ. అమ్మ పేరు రాత్తే ఎలాగుంటాదో ఈ చేతిమీదే చూసేను. ఏడుత్తన్నానని మా మేనత్త జీళ్లు కొనిపెట్టింది," అని ఆమె ఆ అక్షరములపై బొటనవ్రేలు నడిపినది. "గాజులు తాకట్టుకెళ్లేయి. గొలుసు అమ్ముకున్నాం. ఇదెక్కడికెళ్తాది?"

నగ మనిషితో కాటివరకే వచ్చుననియు, పచ్చబొట్టు ఆవలికిని వెంటవచ్చుననియు మన పెద్దలు చెప్పుమాట నేను చిన్ననాట వినియుంటిని. కాని దాని భారము ఆ వంటగదిలోగాని నాకు తెలియలేదు. పచ్చబొట్టు కేవలము అలంకారమని చెప్పువారితో నేనేకీభవింపజాలను. కాగితము దొరకనివారికి, దొరకినను చదువజాలనివారికి, అది తమ మేనిపై తాము వ్రాయించుకొన్న దస్తావేజు.

ఆమె పనిచేసిన తొలి యింట పొడుగుచేతుల చొక్కా తొడుగుకొనియే మెలగినది. దైవసృష్టిని మార్చుట తగదని ఇస్లాము సంప్రదాయము పచ్చబొట్టును నిషేధించును. గోరింటాకును మాత్రము ఆదరించును. ఒకనాడు గిన్నెలు తోముచుండగా చేయి బయటపడినది. ఇంటి యజమానురాలు అదేమని అడిగినది. "ఉమ్మీ," అనగా 'మా అమ్మ' అని, ఈమె తనకు వచ్చిన నాలుగు అరబ్బీ మాటలలో ఒకదానిని చెప్పినది. ఆ అరబ్బు తల్లి మరేమియు అనలేదు. ఆ ఏటి ఈదు పండుగకు గోరింటాకు పెట్టువారు వచ్చినప్పుడు ఈమె చేతికిని పెట్టించినది. తీగలు, పూవులు ఆ నాలుగు అక్షరముల చుట్టును తిరిగినవి, వానిపై మాత్రము ఒక్క చుక్కయు పడలేదు. పదిదినములకు గోరింటాకు వెలిసినది, పేరు నిలిచినది.

ఆమెవంటివారు ఇచటికి వచ్చిన చరిత్ర చెప్పవలెనన్న, మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫు సీమలకై ప్రత్యేకముగా అచ్చువేసిన రూపాయి ఈ బజారులలో చెల్లినది. 1970లో ఒమాను సుల్తానుగా ఖాబూస్ సింహాసనమెక్కిన పిదప రహదారులు, ఆసుపత్రులు, వానితో పనివారి అవసరము పెరిగినవి. కట్టడపు పనులకు తెలంగాణ పురుషులును, ఇంటిపనులకు గోదావరి సీమల స్త్రీలును వచ్చిరి.

క్రొత్త పాస్‌పోర్టులో ఆ గడి లేదు. వ్రేలిముద్రయు, కనుపాపయు చాలునను కాలమిది. మరి పాతదానిని ఏల దాచితివమ్మా యని అడుగగా, ఆమె ఆ పంక్తిని మరల చదువుమని కోరి, విని, పుస్తకమును మూసినది. "సర్కారోళ్లు కూడా చూసి రాసుకున్నారు కద బాబూ, అమ్మ నాతోనే ఉందని."

పేటిక 1: మసి చేయు విధము

దక్షిణ భారత కులములను, తెగలను గూర్చి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమునందు ఇది వర్ణింపబడినది. పసుపును, అవిసె ఆకును నూరి, పలుచని గుడ్డలో వత్తిగా చుట్టి, ఆముదపు దీపమున వెలిగించి, పైన కుండ బోర్లింతురు. కుండలోపల పట్టిన మసిని గీకి, చనుబాలతోగాని నీటితోగాని కలిపి సూదులతో పొడుతురు. నల్లని మసియే చర్మము క్రింద పచ్చగా తేలును.

పేటిక 2: వష్మ్, వస్మ్

అరబ్బీలో పచ్చబొట్టు 'వష్మ్'. ఒంటె ఏ తెగదో తెలుపుటకు వేయు వాత 'వస్మ్'. నొప్పులకు కాల్చు నాటువైద్యమునకును ఒమానులో అదే పేరు. మన పల్లెలలోను పశువుకు గుర్తుగా, కామెర్లకు మందుగా వాతలు పెట్టుట కలదు. పసిబిడ్డలను కాల్చుట మాత్రము ఏ దేశమునను మానవలసినదే.

పేటిక 3: చెవి బరువు

చెవి కుట్టించుట మనకు కర్ణవేధ సంస్కారము. తమ్మెను ఎండవెలుగున చూచి, సహజముగా కానవచ్చు 'దైవకృత ఛిద్రము'న పొడువుమని సుశ్రుతుడు చెప్పెను. ఒమానులోనైతే, ఆస్ట్రియా రాణి మరియా థెరీసా పేరిట, 1780 సంవత్సరము ముద్రితమైన వెండి నాణెములను కరగించి కంసాలులు నగలు చేసిరి. బరువైన చెవిపోగుల భారము తమ్మెపై పడకుండ తలమీదుగా గొలుసు వేయుదురు. మత్రాలో దానిని చూచినప్పుడు నాకు మా నాయనమ్మ చెంపసరాలు జ్ఞప్తికి వచ్చినవి.