పాత ప్రకటనలు – కొత్త మోజు

వారపత్రిక చేతికి రాగానే మనం ఆత్రంగా వెతుక్కునేది సీరియల్ని. ప్రకటన ఎదురైతే పుట తిప్పేస్తాం. కాని కాగితానికి వయస్సు వచ్చేసరికి యీ మర్యాదలు తారుమారవుతాయి. మా ప్రగతి నగర్‌లో యీ మధ్య ఒక మిత్రుని యింటికి వెళితే, హాల్లో వెంకటేశ్వరస్వామికి ఎదురుగా పాత తలనూనె ప్రకటన పటం కట్టించి వున్నది!

నవ్వనక్కరలేదు. మన పత్రికలకు అన్నం పెట్టినది ప్రకటనలలోని సరుకే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా అక్కడే వెలువరించారు. 1914లో మద్రాసునుంచి దినపత్రిక, 1924లో ‘భారతి’ వచ్చాయి. ‘లోధ్ర’ మందుతో పేరు పొందిన డాక్టర్ కె. ఎన్. కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ని స్థాపించారు. ముందు మందు, వెనుక సాహిత్యం!

తెలుగు పాఠం చెప్పుకునే నాకు యీ ప్రకటనల భాషంటే మరీ యిష్టం. పక్క కాలంలో కథలోని పాత్రలు హాయిగా వాడుకభాషలో పోట్లాడుకుంటూ వుంటే, ప్రకటన మాత్రం ‘అన్ని షాపులలోను దొరకును’ అంటూ గ్రాంథికం విడిచిపెట్టదు. అందుకే నేనూ వీటిని పోగుచేస్తాను.

విడికాగితం వయస్సు చెప్పడం ఒక సరదా. ధర అణాలలో వుంటే అది చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందుది. ఆనాడే నయాపైసలు వచ్చాయి. ‘నయా’ అనే మాట 1964 జూన్ 1 నుంచి పోయింది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ వుంటే, 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు.

మరి అసలుదో నకలో తెలియడం ఎలా? కాగితం తిప్పి చూడండి. పత్రికలోని పుట అయితే వెనుకవైపు కూడా అచ్చు వుంటుంది. నాకు గుండె కలుక్కుమనేది అక్కడే. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటుమీద కొన్న ఒక సబ్బు ప్రకటన వెనుక కథ ముగింపు వున్నది. ఒక అమ్మాయి రైలు దిగుతుంది. ఎవరికోసమో తెలియదు. రచయిత పేరు లేదు, పత్రిక పేరు లేదు. మిగిలిన సంచిక ఏ తూకానికి వెళ్ళిపోయిందో!

వెనుకటి తరం చేసినదీ దాదాపు యిదే. మా అమ్మ సీరియల్ కాగితాలు చించి కుట్టుకునేది. ప్రకటన పుటలు పొయ్యిలోకి వెళ్ళేవి. బైండు కట్టేటప్పుడు అట్టలూ, ముందువెనుకల ప్రకటనలూ తీసివేయడం గ్రంథాలయాలలోనూ వున్న అలవాటే. ఆనాడు కథకోసం ప్రకటన పోయింది. యీనాడు ప్రకటనకోసం కథ పోతున్నది.

కనుక మోజు వున్నవారికి నా మనవి: దొరికితే సంచిక మొత్తం కొనండి. ప్రకటనను ఫోటో తీసి, ఆ ఫోటోకు పటం కట్టించుకోండి. గోడమీద అందం తగ్గదు. సంచికను ఎండ తగలని బీరువాలో పడుకోబెట్టండి. చిరిగినచోట గమ్‌టేపు అంటించకండి. కొన్నాళ్ళకు ఆ జిగురే కాగితాన్ని తినివేస్తుంది. విడికాగితమే దొరికితే, ఎక్కడ కొన్నారో విడిచీటీమీద పెన్సిలుతో రాసి జతపరచండి. దాని తక్కిన సగం ఏ యింటి అటకమీదనైనా బ్రతికి వుండవచ్చు.