ఊహించుట కంటె అడుగుట మేలు

ఎదుటివాని మనస్సు తనకు తెలియుననుకొనుట మనుష్యునకు స్వభావసిద్ధమైన భ్రమ. పత్తి బేరమాడు షావుకారు రైతు అవసరమెంతయో తనకు తెలియుననుకొనును. కాలువ యెగువన మడి గల ఆసామి, దిగువవాని కష్టము తనకు తెలియదా యనును. కోడలి మౌనమునకు అత్త తనకు తోచిన యర్థము చెప్పును. వీరిలో నెవ్వరును దుర్మార్గులు కారు. అడుగవలసినచోట ఊహించుటయే వీరి దోషము. ఇండ్లలోను, పొలములలోను ఈ దోషము చిన్న తగవులతో పోవును. అధికారమునకు తోడైనచో ఒక జాతి బ్రదుకునే తలక్రిందులు చేయగలదు. నిదర్శనమునకై మనము దూరము పోనక్కరలేదు. ఆత్మకూరు పొలిమేర దాటిన చాలును.

ఆత్మకూరు నల్లమలకు వాకిలి. ఊరు విడిచి దోర్నాల మార్గమున సాగినచో బైర్లూటి మున్నగు చెంచు గూడెములు కానవచ్చును. అడవి యొక్కటియే, చూచు కన్నులు వేరు. రైతునకు అది అడవిపందులు వెడలివచ్చు చోటు. యాత్రికునకు శ్రీశైలమునకు దారి. అటవీశాఖ వారికి పులుల నెలవు. చెంచునకో, తేనెయు జిగురును దుంపలును ఇచ్చు ఇల్లు. 1882 నాటి మదరాసు అటవీచట్టము మొదలు, 1978లో వన్యమృగ సంరక్షణ కేంద్రము, 1983లో పులుల సంరక్షణ పథకము వఱకును వచ్చిన యేర్పాటులన్నియు మంచి యుద్దేశముతో వచ్చినవే కావచ్చును. ఐనను తాతలు తిరిగిన చోటనే చెంచు అనుమతికై నిలువవలసినవాడయ్యెను. అతని మేలు ఇతరులు నిర్ణయించిరి. అతనిని అడిగినవారు అరుదు.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె వివేకవంతులని తోచుచున్నది. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడి చెంచులకు అల్లుడయ్యెనని మన సీమవారి నమ్మకము. సంక్రాంతి పండుగ వెళ్లినపిమ్మట స్వామి పల్లకి నెక్కి, పారువేట పేరిట నలుబది దినములకు పైగా ఊరూరును తిరుగుచు తన కల్యాణమునకు జనులను పిలుచును. బయలుదేరునప్పుడు చెంచులు పల్లకిపై బాణములు విడుతురు. అది శత్రుత్వము కాదు, గౌరవము. ఆచారము తెలియనివాడు చూచినచో దానికేమి యర్థము చెప్పునో యోచింపుడు! అల్లుడు అత్తవారింటికి తానై పోయి పిలుచుటలో గొప్ప నీతి కలదు. పెద్దవాడు చిన్నవాని గడపకు నడచినప్పుడే మాట కలియును.

చెంచుల తేనెవేటలోను ఇట్టి యెఱుకయే కలదు. కొండచరియను వ్రేలాడువాని త్రాటిని పైన పట్టుకొనువాడు వాని బావమఱది యని చెప్పుదురు. తోబుట్టువు పసుపుకుంకుమలు కోరువాడు త్రాడు విడువడు గదా! ఎదుటివాని మేలు దేనితో ముడిపడియున్నదో తెలిసి చేసిన యేర్పాటిది.

2018లో ఇయాల్, స్టెఫెల్, ఎప్లీ యను మనశ్శాస్త్రజ్ఞులు ఇరువదియైదు ప్రయోగముల ఫలితములను ప్రకటించిరి. ఎదుటివాని స్థానమున నిలిచితిమని ఊహించుకొన్నంత మాత్రమున వాని మనస్సును గుఱించిన అంచనా సరియగుట లేదనియు, వానినే అడిగి తెలిసికొన్నవారి అంచనా మెఱుగుపడుననియు వారు తేల్చిరి. ఊహ తనను తానే అద్దమున చూచుకొనును. ప్రశ్న తలుపు తెఱచును.

2023 మార్చిలో కొత్తపల్లె మండలము పెద్దగుమ్మడాపురమున నాలుగు పులికూనలు తల్లికి దూరమై కనబడెను. పులి పేరు విన్న భయపడవలసిన పల్లెవారే వానిని కుక్కల బారి పడకుండ కాపాడి అధికారులకు తెలిపిరి. అధికారులును కూనలను తల్లిచెంతకు చేర్ప దినములకొలది యత్నించి, సాధ్యముకాక తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించిరి. నోరులేని తల్లి యెచ్చట తిరుగునో, యేమి చేయునో తెలిసికొన నింత శ్రమపడిన మనకు, నోరుగల చెంచును అడుగుట కష్టమా?

సీమవారమైన మనకు ఈ మాట మఱింత తగును. కోస్తావారు మన కఱవును ఎఱుగరని మనము మొఱపెట్టితిమి. 1937 నవంబరు 16వ తేదిని మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున ఇరుపక్షముల పెద్దలును ఎదురెదుట కూర్చుండి, కృష్ణా జలములను గుఱించియు, రాజధాని, ఉన్నత న్యాయస్థానములను గుఱించియు ఒడంబడిక వ్రాసికొనిరి. మా మాట వినుడని ఆనాడు కోరిన మనము, మన అడవి యంచున నున్నవాని మాటను ఎంతవఱకు వింటిమి?

2006 అటవీహక్కుల చట్టము ప్రకారము వన్యప్రాణుల కీలక ప్రాంతములనుండి జనులను తరలింపవలెనన్నచో గ్రామసభ యొక్క స్వేచ్ఛాపూర్వక సమ్మతి కావలయును. అడుగుటను ధర్మముగానే కాక శాసనముగా చేసిన చట్టమిది. అది కాగితముపై వ్రేలిముద్రగా ముగియరాదు. అధికారులు గూడెమునకు పోవలయును. చెంచుల పలుకుబడిలో విషయము చెప్పవలయును. ప్రత్యుత్తరము వచ్చువఱకు ఓపిక పట్టవలయును. కాదన్నచో ఆ కాదనుటను లెక్కగొనవలయును. భూస్వాములు కూలివానియెడలను, వర్తకులు రైతునెడలను, ఇంటి పెద్దలు ఇంటివారియెడలను ఈ యభ్యాసమునే చేయుదురు గాక. అల్లుడై స్వామియే పిలువబోయిన దేశమున మనకు చిన్నతనమేమి?