అరిగిన మోకాలికి మెల్లని కదలిక

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయర్ గుట్టల మీద వెలసిన పట్టణం. అందులో సముద్రపు పాయను ఆనుకొని ఉన్న పేట మిన్నీ బే. అంగడికి పోవలెనన్నా, బస్సు ఎక్కవలెనన్నా ఎత్తుపల్లాలు తప్పని ఇటువంటి చోట మోకాళ్ళ నొప్పి గల వృద్ధులకు ప్రతి దినమూ పరీక్షయే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. తెలుగు ఇంట "మోకాళ్ళు అరిగిపోయినవి" అంటే, పొరుగింట హిందీలో "ఘుట్నే ఘిస్ గయే" అంటారు. భాషలు వేరైనను ఉపమానం ఒక్కటే: ఇరుసు అరిగిన బండి.

చిక్కంతా ఈ ఉపమానంలోనే ఉన్నది. అరిగినదానిని వాడిన కొద్దీ మరింత అరుగునని తలచి మనిషి నడక మానుకొంటాడు. గడప దాటడు. కాని మోకాలు ఇరుసు వంటిది కాదు. ఎముకల కొనలను కప్పి ఉండే నున్నని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని జిగురు ద్రవం నుండియే దానికి పోషణ అందవలెను. అడుగు వేసినప్పుడు నొక్కుకొని, ఎత్తినప్పుడు ఉబ్బి, తడిగుడ్డ వలె అది ఆ ద్రవాన్ని వదలుతూ పీల్చుకొంటూ ఉంటుంది. కదలిక తగ్గితే ఈ రాకపోకలూ తగ్గుతాయి. అంతకంటె ముఖ్యమైనది తొడ ముందుభాగపు కండరం. కీలుపై పడే అదటును చాలవరకు ఆపేది అదే. వాడుక లేనిచో అది సన్నబడుతుంది. అప్పుడు భారం కీలుపై పడి నొప్పి హెచ్చుతుంది, నడక ఇంకా తగ్గుతుంది. ఆస్టియో ఆర్థ్రైటిస్ రోగులలో అనేకులు ఈ వలయంలోనే చిక్కుకొంటారు.

దీనిని తెంచే వ్యాయామాలలో తై చీ ఒకటి. 17వ శతాబ్దంలో చైనాలోని హెనాన్ రాష్ట్రపు చెన్ కుటుంబీకుల గ్రామంలో యుద్ధవిద్యగా రూపుదిద్దుకొన్నదని దీనికి ప్రసిద్ధి. మోకాళ్ళను కొద్దిగా వంచి, శరీర భారాన్ని ఒక కాలి నుండి మరొక కాలికి అతి నెమ్మదిగా మార్చుట ఇందలి కీలకం. దూకుట లేదు, నేలపై కూర్చొనుట లేదు. పద్మాసనం వేయలేని మోకాలికి ఇది చిన్న సదుపాయం కాదు. యౌవనంలోనే కీళ్ళవ్యాధికి లోనైన సిడ్నీ వైద్యుడు డాక్టర్ పాల్ లామ్ 1997లో కీళ్ళ రోగుల కొరకు ఒక సులభ క్రమాన్ని రూపొందించినారు. మోకాళ్ళు ఎక్కువగా వంచనక్కరలేని సున్ పద్ధతిని అందుకు ఆధారంగా తీసుకొన్నారు.

ఫలితం మాటేమిటి? అమెరికాలోని బోస్టన్‌లో 204 మంది మోకాలి రోగులపై జరిగిన పరిశీలన 2016లో వెలువడినది. కొందరు వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తై చీ చేసినారు. తక్కినవారు ఫిజియోథెరపీ పొందినారు. నొప్పి ఇరువురికీ ఇంచుమించు సమానంగా తగ్గినది. మనోవ్యాకులత తై చీ చేసినవారిలో మరికొంత ఎక్కువగా తగ్గినది. అమెరికా కీళ్ళవ్యాధి నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలలో మోకాలి రోగులకు తై చీని గట్టిగా సిఫారసు చేసినది. అయితే పోయిన మృదులాస్థిని ఇది తిరిగి మొలిపించదు. ఆ మాట చెప్పేవారిని నమ్మరాదు. స్థూలకాయులు బరువు తగ్గించుకొనుట కూడ అవసరమే.

అభ్యాసం మొదట తెలిసినవారి వద్ద నేర్చుకొనుట మేలు. నిలుకడ లేనివారు కుర్చీని పట్టుకొని ప్రారంభించవచ్చును. మోకాలు ఎల్లప్పుడు కాలివ్రేళ్ళు చూపే దిక్కునకే వంగవలెను. పాదం నేలకు ఆన్చి మోకాలిని మెలిపెట్టరాదు. కీలు ఎర్రబడి వాచినా, బిగుసుకొని కదలకపోయినా, జ్వరం తోడైనా వ్యాయామం ఆపి వైద్యుని చూడవలెను. ఇక మిన్నీ బే వంటి మిట్టపల్లాల ఊళ్ళలో మెట్లు తప్పవు గదా! ఎక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు నొప్పి కాలు ముందు పెట్టి, చేతికి కమ్మీ ఆసరాగా తీసుకోవలెను.