నిందితుని పక్షాన

శూద్రకుని 'మృచ్ఛకటికం' సుప్రసిద్ధ సంస్కృత ప్రకరణం. అందులో నాయకుడైన చారుదత్తుడు దానధర్మాలతో సంపదనంతా పోగొట్టుకొన్న సజ్జనుడు. రాజశ్యాలుడైన శకారుడు వసంతసేన గొంతు నులిమి, ఆమె మరణించిందని భావించి, ఆ నేరాన్ని చారుదత్తుని మీద మోపుతాడు. న్యాయసభలో సాక్ష్యాలన్నీ చారుదత్తునికి ప్రతికూలంగా పరిణమిస్తాయి. వసంతసేన నగలు అతని మిత్రుడైన మైత్రేయుని వద్ద నుండి అందరి ఎదుటా జారిపడతాయి. అవి ఆమెవేనని చారుదత్తుడు అంగీకరిస్తాడు గాని, తన ఇంటికి ఎలా వచ్చాయో సభను ఒప్పించలేకపోతాడు. రాజు మరణదండన విధిస్తాడు. వసంతసేన సజీవంగా వధ్యస్థలానికి చేరుకోవడం వల్ల మాత్రమే అతని ప్రాణం దక్కుతుంది.

చారుదత్తుని పక్షాన సత్యం ఉంది. దానిని సభలో వరుసగా విప్పి చెప్పే మనిషి లేడు. ఆ నగలను బాలుని మట్టిబండిలో ఉంచినది ఎవరు? వసంతసేన పొరపాటున ఎక్కిన బండి ఎవరిది? ఇలా శకారుని నిలదీసినవారు లేరు. జరిగినది తెలిసిన బండివాడు స్థావరకుని శకారుడు సంకెళ్ళతో బంధించి ఉంచాడు. అతనిని పిలిపించమని కోరినవారూ లేరు. నేటి న్యాయస్థానాలలో ఈ పని చేయవలసినవాడు డిఫెన్స్ న్యాయవాది.

పొలం గట్టు తగాదా, బాకీ వసూలు వంటివి సివిల్ వివాదాలు. దొంగతనం, హత్య వంటి నేరాలను చట్టం ఒక వ్యక్తికే గాక సమాజానికంతటికీ జరిగిన అపకారంగా పరిగణిస్తుంది. అందువల్ల వాటి విచారణను సాధారణంగా ప్రభుత్వమే నడుపుతుంది. దర్యాప్తు చేసే పోలీసులు, ఆధారాలను పరీక్షించే ప్రయోగశాలలు, వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటరు ఒక పక్షాన ఉంటారు. రెండవ పక్షాన ముద్దాయి ఒంటరిగా నిలుస్తాడు. ఈ అసమానత వల్లనే నేరాన్ని రుజువు చేసే భారం సాధారణంగా ప్రాసిక్యూషన్‌పై ఉంటుంది. సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువయ్యేంతవరకు ముద్దాయిని నిర్దోషిగానే భావించాలి.

1860 నాటి భారత శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి నేర విచారణ స్మృతి స్థానాలలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చాయి. చట్టాల పేర్లు మారినా రాజ్యాంగం కల్పించిన రక్షణలు మారలేదు. నిందితుడు తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరూ నిర్బంధించరాదని 20వ అధికరణం చెబుతున్నది. అరెస్టయిన వ్యక్తికి కారణాలు తెలపాలనీ, తాను కోరుకొన్న న్యాయవాదిని సంప్రదించనివ్వాలనీ, ప్రయాణకాలం మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలనీ 22వ అధికరణం నిర్దేశిస్తున్నది.

న్యాయవాది పని అరెస్టుతోనే ఆరంభమవుతుంది. ఎఫ్.ఐ.ఆర్.ను పరిశీలించడం, బెయిలు కోరడం, చార్జిషీటుతో పాటు సాక్షుల వాంగ్మూలాల ప్రతులను పొంది చదవడం మొదటి మెట్లు. అసలు పరీక్ష క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉంటుంది. సాక్షి ఎంత దూరం నుండి చూశాడు? అప్పుడు వెలుతురు ఉన్నదా? నేడు చెబుతున్న మాట పోలీసులతో ఎందుకు చెప్పలేదు? ఇటువంటి ప్రశ్నలే సాక్ష్యంలోని బలాన్నీ బలహీనతనూ వెల్లడి చేస్తాయి.

ఈ సహాయం లేకపోతే ఏమవుతుందో 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సుక్ దాస్ కేసు తెలుపుతుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక ఇంజనీరును బెదిరించారన్న అభియోగంపై జరిగిన విచారణ అది. న్యాయవాది లేకుండానే విచారణ సాగింది. రెండేళ్ళ కారాగారశిక్ష పడింది. ఉచిత న్యాయసహాయాన్ని ముద్దాయి అడగలేదు కాబట్టి విచారణలో దోషం లేదని హైకోర్టు భావించింది. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. తనకు ఆ హక్కు ఉన్నదనే తెలియని పేదవాడు దానిని ఎలా అడుగుతాడు? ఆ సంగతి అతనికి తెలియజేయడం న్యాయస్థానం బాధ్యత అని చెప్పి, శిక్షను రద్దు చేసింది.

న్యాయవాది లభించినంత మాత్రాన సరిపోదు. కక్షిదారు ఆయనకు జరిగినదంతా దాచకుండా చెప్పాలి. తనకు హాని కలిగించే విషయమని దాచినది తీరా విచారణలో ఎదుటి పక్షం నోట బయటపడితే, సమాధానం చెప్పే వ్యవధి న్యాయవాదికి ఉండదు. వృత్తిరీత్యా తనకు చెప్పిన రహస్యాలను కక్షిదారు సమ్మతి లేకుండా ఆయన వెల్లడించరాదని చట్టమే శాసిస్తున్నది. నేరం చేయడానికి సలహా కోరితే మాత్రం ఆ రక్షణ లభించదు. తేదీలు, రసీదులు, సాక్షుల పేర్లు క్రమంగా వ్రాసి ఇవ్వడం మేలు. వాయిదాలకు తప్పక హాజరు కావాలి. లేకపోతే వారంటు జారీ కావచ్చు. ప్రాసిక్యూషన్ సాక్షులను బెదిరించినా ప్రలోభపెట్టినా అదే మరొక నేరమవుతుంది.

నేరం చేసినవాని పక్షాన వాదించడం ధర్మమేనా అని కొందరు సందేహిస్తారు. దోషి ఎవరో తేల్చవలసినది న్యాయమూర్తి. అపరాధం గురించి తన సొంత అభిప్రాయం ఎట్లా ఉన్నా నిందితుని పక్షాన నిలవడం న్యాయవాది విధి అని భారత బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. అయితే ఆ వాదన సక్రమమైన మార్గాలలోనే సాగాలి. దొంగసాక్ష్యం సృష్టించే అధికారం ఆయనకు లేదు. గట్టి వాదనను ఎదుర్కొని నిలిచిన తీర్పుపైనే బాధితులకూ, సమాజానికీ నమ్మకం కుదురుతుంది.

ఫీజు చెల్లించలేని వారిని కూడా రాజ్యాంగం విస్మరించలేదు. 39-ఎ అధికరణం ఆశయానికి అనుగుణంగా 1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టం రూపొంది, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం కోరవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు తెలుస్తాయి.

వధ్యస్థలానికి వసంతసేన వచ్చినట్లు నిజజీవితంలో ప్రతి నిర్దోషినీ కాపాడటానికి చివరి క్షణంలో ఎవరో ఒకరు వస్తారని ఆశించలేము. అందుకే విచారణ జరిగే చోటనే నిందితుని పక్షాన ఒకరు నిలిచి ప్రశ్నించాలి. ఆ ప్రశ్నలకు తావిచ్చిన తరువాత వెలువడిన తీర్పే న్యాయమనిపించుకొంటుంది.