ఇంట్లో సంచీ అడవికి పనికిరాదు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు టీవీలో మీరూ చూసే ఉంటారు. ఎన్.డి.ఆర్.ఎఫ్. వాళ్లు గాలి నింపిన రబ్బరు పడవల్లో వీధులు తిరిగారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు కూడా అందించారు. కొండల్లో ఎవరైనా తప్పిపోతే ఆ పడవ ఏం చేసుకుంటారు? అక్కడ భుజాన మోయగలిగిందే సామాను: తాడు, తేలికైన స్ట్రెచరు, తలకి పెట్టుకునే లైటు, మంచినీళ్లు. అదే ఊళ్లో భవనం కూలిందనుకోండి, కాంక్రీటు కోసే మిషన్లు, సందుల్లోకి దూర్చే కెమెరాలు వ్యాన్లలో వస్తాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? వాళ్లొచ్చేదాకా మన సంచీయే కదండీ మనకి దిక్కు! ఊళ్లో మనమున్న చోటు తెలుస్తుంది, చేరడానికే ఆలస్యం. అడవిలో మనం ఎక్కడున్నామో వెతకడమే పెద్ద పని.

అందుకని ఇంటి సంచీలో అత్తగారి బి.పి. మాత్రలు వారానికి సరిపడా, డాక్టరు చీటీ, ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టండి. టార్చిలైటు, పవర్ బ్యాంకు సరేసరి. అటుకులు, బెల్లం, పుట్నాలు ఉంటే పొయ్యితో పని లేదు. నీళ్లు గడప దాకా రాకముందే మెయిన్ ఆపి, గ్యాసు రెగ్యులేటరు కట్టేసి పైకెళ్లిపోవాలి. తడి కాళ్లతో స్విచ్ బోర్డు జోలికి మాత్రం వెళ్లకండి. పిట్టగోడకి ఎర్రచీర కడితే పడవలో వాళ్లకి దూరం నుంచే కనిపిస్తుంది. ఫోను కలిస్తే 112.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం వెళ్లేవారికి ఈ బరువంతా ఎందుకు? రాళ్ల దారిలో నడక. నీళ్లు, ఉప్పు, పంచదార, కట్టు గుడ్డ, టార్చి, మెరిసే రంగు దుప్పటా చాలు. సిగ్నల్ లేనిచోట సెల్‌ఫోను ఊరికే వెతుక్కుంటూ ఛార్జింగు తినేస్తుంది, ఆపి ఉంచండి. ఎండాకాలం, ఎండుటాకులు, అగ్గిపెట్టె ఇంట్లోనే ఉండనివ్వండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. దారి తప్పితే ఉన్నచోటే నీడలో కూర్చోవాలి. తిరిగేకొద్దీ వెతికేవాళ్లకి కష్టం.

రెండు చోట్లా పనికొచ్చేది ఒక్కటే, ఈల. శిథిలాల దుమ్ములో అరిస్తే గొంతు పోతుంది, అడవిలో అరుపు ఎంతో దూరం పోదు. మూడుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి వినాలి, మళ్లీ మూడుసార్లు. సంచీ అడుగున పడేయకుండా పిల్లల చొక్కాకి పిన్నీసుతో గుచ్చండి. నాలుగు రోజులు చెవులు చిల్లులు పడేలా ఊదుతారు, ఊదనివ్వండి.